ముందు వరస ఆశన్న

ఆశన్న చెవులకు మాస్కు నిలిచేది కాదు. కరోనా వచ్చిన ఏడాది అందరికీ మాస్కు వెనక ఊపిరాడక బాధైతే, అతనికి అసలు అది మొహం మీద ఉండటమే కష్టమైపోయింది. రెండు చెవులూ నలిగి, ముడుచుకుని, పిండిముద్దల్లా తలకు అతుక్కుని ఉంటాయి. తాడు తగిలిస్తే పట్టు దొరక్క జారిపోతుంది. చివరికి బూటు లేసొకటి తీసుకుని, రెండు తాళ్లనూ మెడ వెనక లాగి కట్టుకున్నాడు.

యూఏఈలోని రాస్ అల్ ఖైమాలో, ఊరు దాటి కొండల వైపు పోయే రోడ్డు పక్కన ఒక ఆటల మైదానం ఉంది. ఆ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుగా 2020 జనవరిలో చేరాడు ఆశన్న. అప్పటికి ముప్పై ఎనిమిదేళ్లు. ఆ చెవులు చూసి చిన్నప్పుడు కాలాయనుకునేవాళ్లు కొందరు, పుట్టుకతోనే అంతేమో పాపం అనుకునేవాళ్లు కొందరు. ఎవరైనా నోరు తెరిచి అడిగితే "ఫౌజుల అయినయ్" అని ఊరుకునేవాడు. బాంబు పేలిందేమోనని వాళ్లు ఇంకా గౌరవంగా చూసేవాళ్లు. బాంబూ లేదు, తుపాకీ లేదు. ఆ చెవులు రగ్బీ ఆటలో నలిగినవి.

అతనిది నిజామాబాద్ జిల్లాలో భీమ్‌గల్ దగ్గరి ఊరు. తండ్రి ముందే పోతే తల్లి గౌరవ్వ బీడీలు చుట్టి పెంచింది. పదహారేళ్లకే పసుపు బస్తాను ఒంటిచేత్తో లేపి బండిలోకి విసిరేవాడని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. పందొమ్మిదేళ్లకు ఆర్మీలో చేరాడు. ట్రైనింగు సెంటర్లో మూడో నాడు ఒక సుబేదార్ వరసలో నడుస్తూ నడుస్తూ అతని ముందు ఆగి, మెడను జానతో కొలిచి, "ఇది మెడా, కరెంటు స్తంభమా? రేపు పొద్దున పరేడుకు కాదు, గ్రౌండుకు రా" అన్నాడు. మర్నాడు సొరకాయలా ఉన్న బంతిని చేతికిచ్చారు. అదేం బంతో, ఎటు తన్నితే ఎటు పోతుందో ఆశన్నకు అంతు చిక్కలేదు. కానీ అతని పని బంతితో కాదని తొందరగానే తెలిసింది.

ఆ ఆటలో చిన్న తప్పు జరిగినప్పుడల్లా రెండు జట్ల నుంచీ ఎనిమిదేసి మంది వంగి, భుజాలు పెనవేసి, తలల మధ్య తలలు దూర్చి ఎద్దుల్లా నెట్టుకుంటారు. దాన్ని స్క్రమ్ అంటారు. ముందు వరసలో ముగ్గురుంటారు. ఆ ముగ్గురిలో కుడి చివర ఆశన్న. పదమూడేళ్లు అతని నౌకరీ అంటే అదే. జీతం, రేషన్, హవల్దార్ పట్టీలు, అన్నీ ఆ నెట్టుడు మీదే వచ్చాయి. బంతి పట్టుకుని ఉరికి పేపర్లో పేరు తెచ్చుకునేది వెనక వరసల వాళ్లు. వాళ్లకు దారి చేసేది ముందు వరస. అన్నేళ్లలో ఆశన్న తన చేతులతో బంతిని గీత దాటించింది ఒక్కసారే, అదీ వెనకనుంచి సొంత జట్టువాడు గుద్దితే దాని మీద పడి.

ముప్పై రెండేళ్లకు మోకాళ్లు మొరాయించాయి. తర్వాత నాలుగేళ్లు స్టోర్సులో దుప్పట్లు లెక్కపెట్టి, 2018లో పెన్షన్‌తో ఇంటికొచ్చాడు. ఆర్నెల్లు పసుపు చేనుకు నీళ్లు పెట్టాడు, ఆర్నెల్లు దడి కట్టిన చోటే మళ్లీ కట్టాడు. పొద్దున నాలుగింటికే లేచి వాకిట్లో బూట్లు టకటకలాడిస్తూ తిరుగుతుంటే భార్య రేణుక విసిగిపోయింది. ఆమె ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. మాజీ సైనికులకు దుబాయ్‌లో గార్డు పనులున్నాయని కబురొచ్చినప్పుడు ఆమే తేల్చి చెప్పింది.

"పదిహేడేండ్లు ఫౌజుల ఉన్నవ్. ఇంట్ల కూసునుడు నీకు చాతగాదు, నిన్ను సూసుకుంట కూసునుడు నాకు చాతగాదు. పోయిరా."

అట్లా వచ్చాడు. వచ్చి రెండు నెలలు తిరక్కుండానే కరోనాతో మైదానం మూతపడింది. ఆటగాళ్లు లేరు, పిల్లలు లేరు. అయినా గడ్డి ఆగదు కదా. దానికి నీళ్లు పట్టాలి, కోయాలి. ఆ పని నెల్లూరు మనిషి ఖాదర్ హుస్సేన్‌ది. గేటు ఆశన్నది. ఇద్దరూ ఒకే గదిలో ఉండి, ఒకే కుక్కర్లో వండుకుని, అంత పెద్ద పచ్చటి మైదానానికి ఇద్దరే యజమానుల్లా ఏడు నెలలు గడిపారు.

మైదానం చివర ఒక ఇనుప బండి ఉండేది. ముందు వైపు మెత్తలు కుట్టి, కింద జారడానికి స్కీలు పెట్టి, స్క్రమ్ నెట్టడం నేర్చుకోవడానికి చేసింది. రోజూ దాని పక్కనుంచే తిరుగుతూ చూడనట్టే ఉన్నాడు ఆశన్న. ఏప్రిల్లో ఒక సాయంత్రం ఇక ఆగలేకపోయాడు. బూట్లు నేలలో తన్నిపెట్టి, వంగి, భుజం ఆనించి నెట్టాడు. బండి కిర్రుమని మూడడుగులు జరిగింది. పైపు పట్టుకుని నిలబడ్డ ఖాదర్ హుస్సేన్ నీళ్లు కాళ్ల మీద పోసుకుంటున్నది కూడా చూసుకోలేదు.

"ఏందన్నా, ఎండ తలకెక్కిందా? ఆ ఇనప బండి మీద నీకేం పగ?"

"పగ కాదు భాయ్, దోస్తానా," అన్నాడు ఆశన్న రొప్పుతూ. "నువ్వు జర దాని మీద కూసో. బరువు సాల్తలేదు."

ఖాదర్ హుస్సేన్ కూర్చున్నాడు. ఆ రోజు నుంచి సాయంత్రం కాగానే సవారీకి తయారయ్యేవాడు. కొన్నాళ్లకు దిగి తనూ నెట్టి చూశాడు, పడ్డాడు, పడ్డప్పుడు చెయ్యి ఆనించకుండా భుజం మీద దొర్లడం నేర్చుకున్నాడు. "మా నెల్లూరోళ్లకి చెప్తే నమ్మరబ్బా. నలబై ఐదేళ్లకి పడటం నేర్చుకుంటుండా" అని నవ్వేవాడు.

అక్టోబరులో మైదానం మళ్లీ తెరిచారు. గేటు దగ్గర ఒక్కొక్కరి నుదుటికీ గన్ను పెట్టి జ్వరం చూసి లోపలికి వదలాలి. పిల్లలకు రగ్బీ నేర్పే అకాడమీకి పెద్ద కోచ్ దిల్హానీ అనే శ్రీలంకావిడ. యాభై దగ్గర పడ్డ మనిషి, పొట్టి జుట్టు, గట్టి గొంతు. తమ దేశపు ఆడవాళ్ల జట్టుకు ఒకప్పుడు ఆడింది. ఆశన్న ఆమె నుదుటికి గన్ను పెట్టాడు. ఆమె అంకె చూడలేదు. అతని చెవులే చూస్తోంది, మెడ వెనక బూటు లేసు చూస్తోంది.

"ఫ్రంట్ రోనా?" అంది.

గన్ను అట్లాగే గాల్లో ఉండిపోయింది. ఈ దేశం వచ్చి పది నెలలైంది. ఊరడిగారు, వీసా అడిగారు, కంపెనీ అడిగారు. ఈ మాట ఒక్కరూ అడగలేదు.

"జీ మేడం. కుడి పక్క. పదమూడేళ్లు."

"మా అన్నవీ ఇట్లాంటి చెవులే. మా అమ్మ ఇప్పటికీ వాటిని చూసి ఏడుస్తుంది," అని నవ్వుతూ లోపలికి పోయింది.

తర్వాత కూడా గేటు దాటేటప్పుడు ఏదో ఒకటి అడిగేది. ఆశన్న హిందీలో చెప్పేవాడు, ఆమె ఇంగ్లీషూ హిందీ కలిపి మాట్లాడేది. జనవరిలో ఒక శుక్రవారం పొద్దున పిల్లలకు స్క్రమ్‌లో వంగడం చూపిస్తూ, "ఆశన్నా, ఒక్క పది నిమిషాలు రా. నడుము ఎట్లా ఉంచాలో నువ్వు చూపిస్తేనే తెలుస్తుంది" అని పిలిచింది. గేటు వదలకూడదని ఆశన్నకు తెలుసు. కాళ్లు మాత్రం అప్పటికే గడ్డి మీదున్నాయి. సరిగ్గా అప్పుడే సెక్యూరిటీ కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, కారు లోపలికొచ్చింది. గేటు దగ్గర మనిషి లేడు. గార్డు యూనిఫారంలో ఉన్నవాడు మైదానం నడుమ నాలుగు కాళ్ల మీద ఉన్నాడు, చుట్టూ పిల్లలు.

దిల్హానీ తప్పు తనదేనని ఎంత చెప్పినా ముదీర్ వినలేదు. "గేటు వదిలేశావు. ఖలాస్" అన్నాడు. పనైతే తీసెయ్యలేదు గానీ, మర్నాటి నుంచి కొండల్లో ఉన్న రాళ్ల క్వారీ గేటుకు మార్చాడు.

క్వారీలో పొద్దున నుంచి సాయంత్రం దాకా లారీలే. వచ్చిన లారీ, పోయిన లారీ నంబరు రాసుకోవాలి. సాయంత్రానికి కనుబొమ్మల్లో కూడా తెల్ల దుమ్ము పేరుకునేది. కోపం రాలేదు ఆశన్నకు. తప్పు చేశాడు, శిక్ష పడింది. ఫౌజులో అయినా అంతే. కానీ ఆ పది నిమిషాలు మాత్రం మనసులోంచి పోలేదు. ఒక పిల్లవాడి నడుము మీద అరచేయి పెట్టి కాస్త కిందికి నొక్కగానే వాడి ఒళ్లంతా ఒక్కసారిగా సరిపడ్డ తీరు అరచేతికి ఇంకా తెలుస్తూనే ఉంది.

నెల తర్వాత దిల్హానీ ఫోనుకు ఒక లింకు పంపింది. కోచ్‌గా పని చెయ్యాలంటే ముందు పాసవ్వాల్సిన కోర్సు. కింద రెండే ముక్కలు: "ఇది చదువు. పాసైతే మాట్లాడుకుందాం."

కోర్సంతా ఇంగ్లీషు. ఆశన్న పదో తరగతి, హిందీ ఫౌజులో నేర్చింది. మొదటి పేజీ మూడు రోజులు చూసి, ఫోటో తీసి రేణుకకు పంపాడు. ఆమె ఇంటర్ చదివింది. సాయంత్రం డ్యూటీ దిగి అతను ఫోను చేసేసరికి, పక్కన డిక్షనరీ పెట్టుకుని తయారుగా ఉండేది. ఒక్కో వాక్యం చదివి, తెలుగు చేసి చెప్పేది. ఆర్నెల్లు అదే వాళ్ల ముచ్చట. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో అంతంత సేపు ఎప్పుడూ మాట్లాడుకోలేదు వాళ్లు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఆశన్న కంటే ఆమెకే బాగా తెలిసిపోయింది.

ఒక రోజు తలకు దెబ్బ తగిలిన పిల్లల పాఠం వచ్చింది. తలకు తగిలిందన్న అనుమానం వస్తే చాలు, మరో మాట లేకుండా బయటికి తేవాలి, ఆ రోజు మళ్లీ ఆడనివ్వకూడదు అని ఉంది. రేణుక గుర్తులు చదువుతోంది.

"కండ్లు మసకలు కొట్టుడు. వాంతి లెక్క అనిపించుడు. ఆటల ఏం జరిగిందో యాదికి లేకపోవుడు..." చదివి ఆగింది. "ఏమాయె? లైన్ల ఉన్నవా?"

"ఉన్న."

"మరి ఊ కొడ్తలెవ్వు?"

"నీకొకటి చెప్పలె. మనింట్ల గోడకున్న ఫోటో ఉందిగద, కలకత్తల కప్పు పట్టుకున్నది?"

"ఆ, నువ్వు పండ్లన్ని కనవడేటట్టు నవ్వుతవ్."

"ఆ ఫైనల్ నాకు యాదికి లేదు. మొదలైన పది నిమిషాలకు ఎవని మోకాలో తలకు తాకింది. లేపి, మొఖం మీద నీళ్లు కొట్టి, వీపు మీద చరిసి, పో అన్నరు. పోయిన. అందరు అంటరు, ఆ నాడు ఆడినట్టు నేను ఎన్నడు ఆడలేదట. నెట్టుకుంట నెట్టుకుంట అవతలోళ్లను గీత దాకా తీస్కపోయిన్నట. నాకేమో నీళ్లు కొట్టిన కాడికెల్లి రాత్రి బస్సుల లేచిన దాంక ఏం లేదు. ఉత్త తెలుపు."

రేణుక చేతిలోని డిక్షనరీ మూసింది. "పన్నెండేండ్లాయె. ఒక్కనాడన్న చెప్పలేవ్."

"ఏమని చెప్పాలె? మెడల్ వచ్చింది. అందరు మెచ్చుకున్నరు. నేను గూడ అవునవునన్న."

"సరే, ఇప్పుడు ఈ పాఠం ఇంకోసారి సదువుత. మంచిగ ఇను," అంది ఆమె. ఆ ఒక్క పాఠం రెండుసార్లు చదివారు.

మొదటిసారి పరీక్ష తప్పాడు. రెండోసారి గట్టెక్కాడు. 2022 జనవరిలో సెక్యూరిటీ కంపెనీతో రెండేళ్ల ఒప్పందం తీరిపోగానే దిల్హానీ మాట నిలబెట్టుకుంది. అకాడమీయే కఫీల్‌గా, అంటే పూచీదారుగా, కొత్త వీసా వచ్చింది. అదే నెలలో దేశంలో వారాంతపు సెలవులు శని ఆదివారాలకు మారాయి. మొదటి శనివారం పొద్దున ఏడింటికి, గేటు దగ్గర కొత్త గార్డుకు సలాం కొట్టి, ఈల మెడలో వేసుకుని లోపలికి నడిచాడు ఆశన్న. గడ్డి మీద పదేళ్ల లోపు పిల్లలు పద్దెనిమిది మంది ఉన్నారు.

మూడో శనివారానికి తొమ్మిది మందే మిగిలారు.

అతనికి తెలిసిన నేర్పడమంటే సుబేదార్ నేర్పిన తీరే. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి అరవడం. ఆ గొంతుకు పక్క మైదానంలో ఫుట్‌బాల్ ఆడేవాళ్లు కూడా ఆగిపోయేవాళ్లు. సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసే హైదరాబాదీ ఇలియాస్ కూతురు ఫైజా కూడా ఆ పిల్లల్లో ఉంది. తొమ్మిదేళ్ల పిల్ల. ఒక పొద్దున ఇలియాస్ వచ్చి మర్యాదగానే చెప్పాడు.

"సార్, శనివారం వస్తే చాలు, మా అమ్మాయి కడుపునొప్పి అంటోంది. డాక్టరుకు చూపించాం. కడుపులో ఏమీ లేదట. ఉన్నదల్లా మీ భయమేనట."

ఆ సాయంత్రం రేణుకకు చెప్పాడు.

"నువ్వు పిల్లలతోని ఏమంటున్నవో గదే నాకు చెప్పు, చూద్దాం," అంది ఆమె.

"తల కిందికెయ్యకు అంట. కండ్లు మూస్కోకు అంట. ఆగకు, భయపడకు అంట."

"అన్ని వద్దు వద్దే. ఏం చెయ్యాల్నో ఎప్పుడు చెప్తవయ్యా? మా పోరగాండ్లను ఉరుకకుండ్రి అంటే ఉరుకుతరు. మెల్లగ నడువుండ్రి అంటే నడుస్తరు. వద్దు అన్న మాట చిన్నపిల్లలకు ఇనవడది." మళ్లీ అంది, "ఇంకోటి. నువ్వు ఆరడుగులు. నిలవడి మాట్లాడితే ఆళ్లకు కనవడేది నీ మోకాళ్లు. కూసోని మాట్లాడు."

మోకాళ్ల నొప్పితో కింద కూర్చుంటే లేవలేడు. ఖాదర్ హుస్సేన్ నీళ్ల బాటిళ్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చి బోర్లించాడు. ఆశన్న దాని మీద కూర్చున్నాడు. పిల్లల మొహాలు కళ్లకెదురుగా వచ్చాయి. ఎవరికి పళ్లు ఊడాయో, ఎవరు ఏడవబోతున్నారో మొదటిసారి కనపడింది.

"వద్దు" అన్న మాట లేకుండా ట్యాకిల్ ఎట్లా చెప్పాలా అని వారమంతా ఆలోచించాడు. ఎదుటివాణ్ణి పట్టి పడగొట్టేటప్పుడు తల వాడి శరీరానికి వెనక వైపు ఉండాలి; అడ్డంగా ముందుకు పెడితే మోకాలు తగులుతుంది. ఇదంతా చెప్తే పిల్లలకు ఎక్కదు. చివరికి, "నీ చెంప ఎదుటివాళ్ల వెనక జేబుకు అంటుకోవాలి. అంతే" అన్నాడు. హిందీలో అది "గాల్ జేబ్ పే" అయింది. అరబ్బు పిల్లలు, ఫిలిప్పీన్స్ పిల్లలు, ఇంగ్లీషు పిల్లలు, అందరూ ఆ మూడు ముక్కలూ అరుచుకుంటూ ఒకరి మీదొకరు పడ్డారు. పడి నవ్వారు. ఫైజా మూడుసార్లు తప్పించుకుని నాలుగోసారి కళ్లు తెరిచే వెళ్లి, తనకంటే జానెడు ఎత్తున్న పిల్లాణ్ణి పడగొట్టింది. లేచి, ఎవరు పడ్డారో అర్థం కానట్టు కాసేపు వాడినీ తననూ మార్చి మార్చి చూసుకుంది.

"అద్దీ!" అని తెలుగులో అరిచాడు ఆశన్న. పిల్లలు ఆ మాట కూడా నేర్చుకున్నారు.

నాలుగు నెలలకు ఆ తొమ్మిది మంది ఇరవై ఆరయ్యారు. తర్వాతి ఏడాది దిల్హానీ పెద్దవాళ్ల జట్టుకు రమ్మంది. జీతం కొంచెం ఎక్కువ, పేరు ఇంకా ఎక్కువ. ఆశన్న రెండు రోజులు ఆలోచించి, "పెద్దోళ్లకు మీరున్నారు మేడం. వీళ్లకు పడటం నేర్పేవాడు ఉండాలి కదా" అన్నాడు. ఆమె ఒత్తిడి చెయ్యలేదు. పైగా పదమూడేళ్ల లోపు ఆడపిల్లల జట్టొకటి కొత్తగా కట్టి, దాన్ని కూడా అతని చేతుల్లోనే పెట్టింది. ఫైజా పెరిగి ఆ జట్టుకు నాయకురాలైంది.

2025 మార్చిలో ఆ ఆడపిల్లలు దుబాయ్‌లో ఒక టోర్నమెంట్ ఫైనల్ దాకా వెళ్లారు. అకాడమీ నుంచి అంతదూరం వచ్చిన జట్టు అంతకు ముందు లేదు. ఇంకో ఆరు నిమిషాల ఆట ఉంది. ఐదు పాయింట్ల వెనక ఉన్నారు గానీ ఊపు వీళ్లదే. అప్పుడు ఫైజా ఒక ట్యాకిల్‌కు వెళ్లింది. చెంప జేబుకే పెట్టింది; కానీ పడేటప్పుడు అవతలి పిల్ల తుంటి ఫైజా కణతకు తగిలింది. ఫైజా వెంటనే లేచింది. నవ్వుతూనే ఉంది. రెండడుగులు వేసి, అవతలి జట్టు వరసలో నిలబడబోయి, ఆగి, వెనక్కి వచ్చింది.

ఆశన్న చెయ్యి పైకెత్తి ఆట ఆపించాడు. దగ్గరికెళ్లి, "బేటా, ఇంతకు ముందు మ్యాచ్ ఎవరితో ఆడాం?" అన్నాడు.

"షార్జా వాళ్లతో," అంది ఫైజా. వెంటనే, "కాదు కాదు, అల్ ఐన్. అల్ ఐన్ వాళ్లతో."

రెండో జవాబే సరైనది. ఆశన్న పక్కనున్న పిల్లకు సైగ చేశాడు, నువ్వు రా అని.

ఇలియాస్ గీత దాటి పరుగెత్తుకొచ్చాడు. "సార్, ఏం చేస్తున్నారు? బాగానే ఉంది. జవాబు చెప్పింది కదా!"

"రెండోసారి చెప్పింది."

"ఆరు నిమిషాలే సార్! మూడేళ్ల నుంచి దీని కోసమే కదా. తండ్రిని, నేనే ఆడమంటున్నా."

చుట్టూ ఇంకో నలుగురు తల్లిదండ్రులు చేరారు. దిల్హానీ దూరపు మైదానంలో వేరే జట్టుతో ఉంది. తీర్పు చెప్పాల్సింది ఆశన్న ఒక్కడే. ఫైజా ఏడుస్తోంది, బతిమాలుతోంది, ఒంటికాలి మీద నిలబడి చూపిస్తోంది. అతని గొంతు మాత్రం పెరగలేదు.

"ఇలియాస్ సాబ్, మీరు ఆమెను డాక్టర్ టెంటుకు తీసుకెళ్లండి. ఆట మీద కోపం తర్వాత చూసుకుందాం."

ఓడిపోయారు. ఐదు పాయింట్లు ఐదు పాయింట్లుగానే ఉండిపోయాయి. తిరుగు ప్రయాణంలో బస్సు వెనక సీట్లో ఒక తండ్రి "ఫౌజీకి చివర్లో భయమేసింది" అన్నాడు. వినపడాలనే అన్నాడు.

డాక్టర్లు చూసి పెద్దగా ఏమీ లేదన్నారు. మూడు వారాలు ఆటకు దూరంగా ఉంటే చాలన్నారు. ఆడించి ఉంటే ఏమయ్యేదని ఇలియాస్ అడిగితే, "ఏమీ కాకపోనూ వచ్చు, అవనూ వచ్చు" అని ఊరుకున్నారట. ఆ మాట ఇలియాసే ఫోను చేసి చెప్పాడు. క్షమాపణా లేదు, కోపమూ లేదు. "మీకు చెప్పాలనిపించింది" అన్నాడంతే.

ఓడిన ఆ రాత్రి మటుకు ఆశన్న హాయిగా నిద్రపోయాడు. తనే ఆశ్చర్యపోయాడు. గెలిచిన మ్యాచ్‌ల తర్వాత కూడా అంత నిద్ర పట్టిన గుర్తు లేదు.

ఫైజా మూడు వారాలూ వచ్చింది, ఆడకుండా గట్టు మీద కూర్చుంది, అతనితో మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు. నాలుగో శనివారం వచ్చి డబ్బా ముందు గడ్డి మీద కూర్చుంది.

"ఆ రోజు నేను నిజంగా బాగానే ఉన్నా సార్."

"కావచ్చు."

"మరి ఎందుకు తీసేశారు?"

ఆశన్న ఆ పిల్లకు కలకత్తా ఫైనల్ సంగతి చెప్పాడు. రేణుక తర్వాత అది విన్నది ఆ పిల్లే. ఫైజా కళ్లు పెద్దవి చేసుకుని వింది.

"అసలేం గుర్తులేదా? కప్పు తీసుకున్నది కూడా?"

"లేదు."

ఫైజా ఒక గడ్డి పరక పీకింది. "నాకు మొత్తం గుర్తుంది. మనం ఓడిపోయింది. మీరు చెయ్యెత్తింది. ప్రతి నిమిషం."

"మంచిదే కదా."

"మంచిదేం కాదు. ఇంకా చాలా కోపంగా ఉంది," అని లేచి బూట్ల లేసులు కట్టుకుంది. ఆశన్నకు నవ్వాగలేదు. చివరికి ఆ పిల్లకూ ఆగలేదు.

ఆ ఏడాది చలికాలంలో రేణుక నెల రోజులు సెలవు పెట్టి విజిట్ వీసా మీద వచ్చింది. విమానం ఎక్కడం అదే మొదలు. మొదటి శనివారం చీర మీద స్వెటర్ వేసుకుని, గట్టు మీద ఖాదర్ హుస్సేన్ ఇచ్చిన టీ తాగుతూ కూర్చుంది. రెండు వారాల కిందటే చేరి, పడటం మాత్రం నేర్చుకున్న ఆరేళ్ల పిల్లలు ఆ పొద్దున ముప్పై మంది వచ్చారు. సాయానికి రావాల్సిన కోచ్‌కు జ్వరం. ఆశన్న ఒక్కడు. ఒకడు ఏడుస్తున్నాడు, ఒకడు బంతి మీద కూర్చున్నాడు, ఇద్దరు గేటు వైపు పోతున్నారు.

రేణుక టీ గ్లాసు పక్కన పెట్టి, కొంగు నడుముకు దోపి లోపలికి వచ్చింది. తెలుగు తప్ప ఏమీ మాట్లాడలేదు. చప్పట్లు కొట్టింది, చేతులు పట్టించింది, "గుండ్రంగ నిలవడుండ్రి, గుండ్రంగ" అని తనే తిరిగి చూపించింది. రెండు నిమిషాల్లో ముప్పై మంది గుండ్రంగా నిలబడ్డారు. ఆశన్న నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

పెద్ద పిల్లల దగ్గర నుంచి దిల్హానీ వచ్చి చూసి, "ఈవిడ ఎవరు?" అంది.

"నా భార్య, మేడం. నాకు కోచింగ్ నేర్పింది ఈమే."

ఉండిపొమ్మని దిల్హానీ సగం నవ్వుతూ, సగం నిజంగా అడిగింది. ఆశన్న తెలుగు చేసి చెప్పాడు. రేణుక సిగ్గుపడి, "అక్కడ నా పిల్లలు ఇరవై రెండు మంది ఎదురుసూస్తున్నరని చెప్పు. ఈ నెల రోజులు మాత్రం వస్తనని చెప్పు," అంది.

చెప్పాడు. ఇంతలో వలయంలో ఒక పిల్లవాడు పక్కవాడి బూటు తొక్కి పడ్డాడు, వాడి మీద ఇంకొకడు, వాడి మీద మరొకడు. రేణుక కంగారుగా ముందుకు కదిలింది.

"ఆగు, ఏం గాదు," అన్నాడు ఆశన్న, డబ్బా దగ్గరికి లాక్కుంటూ. "ఎట్ల పడ్డరో సూడు. ఒక్కడన్న చెయ్యి ఆనించిండా?"

ఆమె చూసింది. పిల్లలు గడ్డి దులుపుకుంటూ ఒకరి తర్వాత ఒకరు లేస్తున్నారు.

"ఒకడు ఆనించిండు," అంది రేణుక, వేలు పెట్టి చూపిస్తూ. "అగో, ఆ ఎర్ర టోపీ పోరడు."

"అయితే ఆణ్ణి పిలువు," అన్నాడు ఆశన్న.

ఆమె చెయ్యి ఊపింది. ఎర్ర టోపీ పిల్లవాడు పరుగెత్తుకొచ్చాడు.